నాలుగవ తోరణం: మా వియ్యంకుడు చూపిన ఓరుగల్లు

ఏ రచనకైనా ప్రయోజనాన్ని మొదటి పేరాలోనే చెప్పాలని బడిలో పిల్లలకు బోధించినవాణ్ణి. ఆ నియమాన్ని నేనూ పాటిస్తాను. వరంగల్లు గురించి ప్రామాణికమైన పుస్తకాలు చాలానే ఉన్నాయి. రాజుల వంశక్రమం, శాసనాల పాఠం, శిల్పాల కొలతలు వాటిలో దొరుకుతాయి. వాటికి నేను చేర్చగలిగినది ఏమీ లేదు. అయితే ఆ నగరాన్ని తన నోటితో చూపించే మనిషి ఒకరు అక్కడ ఉన్నారు. మనిషి క్షేమంగానే ఉన్నారు, ఆ నోటిమాటే ఇప్పుడు లేదు. ఆ మాట ఉన్న చివరి మూడు రోజులూ ఆయన పక్కన నడిచి విన్నవాణ్ణి నేను. కాగితం మీద పెట్టకపోతే అది నాతోనే పోతుంది. అందుకే ఈ కథనం.

నేను బాపట్లలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా అమ్మాయి సుమతిని వరంగల్లు బట్టల వ్యాపారి లక్ష్మీనర్సయ్య గారి కుమారుడు రమేశ్‌కు ఇచ్చాము. పెళ్ళినాటి నుంచి ఆయన నన్ను బావగారూ అనీ, నేను ఆయనను బావగారూ అనీ పిలుచుకుంటున్నాము. "మా ఓరుగల్లు సూడకుంట పోతాండ్రు, ఇది ధర్మం గాదు బావగారూ" అని ఆయన ప్రతి పండుగకూ ఫోనులో దెప్పేవారు. పరీక్షలని, మోకాలి నొప్పి అని నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఈ మాఘమాసం చివర సుమతి ఫోను చేసింది. మామగారి గొంతులో పుండు ముదిరిందట. మాట పలికించే పేటికను పూర్తిగా తీసివేయక తప్పదని వైద్యులు చెప్పారట. "మీ నాయినకు మోకాళ్లు సహకరిస్తె, నా గొంతు ఉండంగనే రమ్మను" అన్నారట ఆయన. మరునాటి రైలుకే బయలుదేరాను.

దుకాణం

చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక ఇరుకు బజారులో ఉంది ఆ దుకాణం. మా వైపు బట్టల కొట్టులో బల్లలు, కుర్చీలు ఉంటాయి. కొనేవారు నిలబడి వేలు చూపిస్తే, అమ్మేవారు తీసి బల్ల మీద వేస్తారు. ఇక్కడ చెప్పులు గడప బయట విడిచి, తెల్లని దుప్పటి పరచిన గద్దె మీద అందరూ బాసింపట్టు వేసుకొని కూర్చుంటారు. కొనేవారికీ అమ్మేవారికీ ఎత్తు ఒక్కటే. ఈ పద్ధతి నాకు నచ్చింది. నా మోకాళ్ళకు నచ్చలేదు.

నేను వెళ్ళేసరికి ఏటూరునాగారం వైపు నుంచి ఒక కుటుంబం పెళ్ళిబట్టలకు వచ్చి ఉంది. బావగారి పనితీరు చూడడం నాకు అదే మొదటిసారి. ఆయన చీర విప్పుతూనే ఒక ముచ్చట మొదలుపెడతారు. చీర కొంగు చివరి దాకా విచ్చుకునేసరికి ముచ్చట సగానికి వస్తుంది. ఆ తరువాత రెండు చేతులతో మడతలు పెడుతూ మిగతా సగం చెబుతారు. ఆఖరి మడత పడినప్పుడే ముచ్చట ముగుస్తుంది. ముచ్చట ముగియకుండా ఆయన చీర మడవరు, చీర మడవకుండా వచ్చినవారు లేవలేరు. ఈ బజారులో ఆయన పేరు నిలిచింది ఇలాగే.

"సేటూ, ముచ్చట తర్వాత జెప్పు, ముందుగాల ధర జెప్పు" అన్నది పెళ్ళికూతురి మేనత్త.

"ముచ్చటకు పైసల్ లేవక్కా. చీరెకే."

"అయితే ముచ్చట కట్టియ్యి, చీరె నువ్వే ఉంచుకో."

అందరూ నవ్వారు. ఆయన గొంతు అప్పటికే కొబ్బరిచిప్ప మీద ఆకురాయి గీసినట్టు ఉంది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఆయన వంక వంగి చూసింది.

"గొంతేమైంది కొడుకా?"

"జర పట్టుకున్నదవ్వా."

"మిరియాల కషాయం తాగు, దిగుతది."

"తాగుతనవ్వా" అన్నారు ఆయన, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకుండా.

వారు వెళ్ళిన తరువాత, వైద్యులు మాట్లాడవద్దన్నారు కదా అని మందలింపుగానే అడిగాను. ఆయన నా వైపు తిరిగి, "బావగారూ, దుకాణం ఖాళీ జేసేటప్పుడు సరుకంత బయట వెట్టాలె గద. గదే చేస్తాన. క్లియరెన్స్ సేల్" అన్నారు. అని తానే నవ్వారు. ఆ నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు. నాకు నవ్వు రాలేదు.

మా ఇద్దరికీ ఒక్కతే మనవరాలు, తేజు. ఆయనను బట్టల తాత అనీ నన్ను బడి తాత అనీ పిలుస్తుంది. బడి నుంచి రాగానే సంచి విసిరివేసి, బట్టల మూట మీదికెక్కి కూర్చుని, ఆయన ముచ్చట్లు వింటుంది. విన్నవే వింటుంది. ఒక్క మాట తప్పినా ఊరుకోదు. ఈ సంగతి తరువాత అవసరమవుతుంది కనుక ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను.

కోట

మరునాడు బావగారు, రమేశ్, నేను యాకూబ్ అనే అతని ఆటోలో కోటకు బయలుదేరాము. యాకూబ్ బావగారి దుకాణం ముందే ఆటో నిలుపుకొంటాడు. బంధువులెవరు వచ్చినా ఊరు చూపే బండి అదే. రాతి కోటగుమ్మంలో దారి ఒకమారు కుడికీ ఒకమారు ఎడమకూ మలుపు తిరుగుతుంది. శత్రువు ఏనుగులు పరుగెత్తకుండా అలా కట్టారట. ఇప్పుడు ఆ మలుపుల్లో మిరపబస్తాల ట్రాలీలు ఎదురుపడతాయి. ఆ ఘాటుకు నలుగురమూ తుమ్మాము. యాకూబ్ ఒక చేత్తో ముక్కు మూసుకొని, ఒక చేత్తో ఆటో నడిపాడు. అది నియమవిరుద్ధమని చెప్పబోయి మళ్ళీ తుమ్మాను.

కోట లోపల ఊరుంది. మనుషులు కాపురాలుంటున్నారు, వాకిళ్ళలో మిరపకాయలు ఎండుతున్నాయి, గోడనానుకొని గేదె నెమరువేస్తోంది. నడుమ విశాలమైన స్థలంలో, కూలిన శివాలయపు రాళ్ళను గడ్డి మీద వరుసలు వరుసలుగా పేర్చి ఉంచారు. పగిలిన వాటినైనా క్రమంలో పెట్టిన చేతులకు మనసులో నమస్కరించాను. ఆ స్థలానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి. వాటికి గోడలూ లేవు, తలుపులూ లేవు. తోరణాల నడుమ ఆకాశం తప్ప మరేమీ లేదు. బొమ్మల్లో ఎన్నోసార్లు చూసినవే. దగ్గర నిలబడితే నా మెడ తానుగా వెనక్కి వాలింది.

రమేశ్ వచ్చినది ఒక పని మీద. తండ్రి గొంతును సెల్‌ఫోనులో పట్టి ఉంచాలని అతని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాని ఫోను ముఖం ఎదుట పెట్టగానే బావగారు చొక్కా గుండీ సర్దుకొని, నిటారుగా నిలబడి, "ఈ యొక్క కోట కాకతీయ ప్రభువుల చేత నిర్మింపబడినది" అని మొదలుపెట్టారు.

"బాపూ, నీ లెక్క మాట్లాడు" అన్నాడు రమేశ్.

"నా లెక్కనే మాట్లాడుతాన గదరా."

"గిట్లనా? ఇంట్ల గిట్ల మాట్లాడుతవా?"

"ఇంట్ల మీ అమ్మ ఉంటది. ఇది రికార్డు. పది మంది ఇంటరు."

మూడుమార్లు ప్రయత్నించి రమేశ్ ఫోను జేబులో వేసుకున్నాడు. జేబులోనే రహస్యంగా రికార్డు కానిచ్చాడని తరువాత తెలిసింది. రాత్రి అందరమూ విన్నాము. గాలి హోరు, చొక్కా రాపిడి, నడుమ నడుమ నా దగ్గు. అంతే దక్కింది.

ఫోను కనుమరుగు కాగానే బావగారికి ప్రాణం లేచివచ్చింది. నా మోచేయి పట్టుకొని ఒక రాయి మీద కూర్చోబెట్టారు.

"బావగారూ, ఈ నాలుగు దర్వాజలు ఎందుకు వెట్టిండ్రో ఎరుకనా? ఓరుగల్లు అంటె అంగడి. నాలుగు దిక్కుల జనం వస్తరు. ఆ దిక్కుది అడివిల నుంచి తేనె, చింతపండు తెచ్చెటోళ్లకు. గా దిక్కుది మిరప, పత్తి తెచ్చెటోళ్లకు. ఈ దిక్కుది బట్టలోళ్లకు, అంటె మా తాతలకు. మంత్రి అడిగిండట, 'మరి నాలుగోది ఎవలకు దొరా?' అని. రాజు అన్నడట, 'ఊకెనే సూడవచ్చెటోళ్లకు.' 'కొననోళ్లకు దర్వాజ ఎందుకు దొరా, దండుగ.' 'ఇయ్యాల సూసెటోడే రేపు కొంటడు. కొనకున్నా పోనియ్యి, సూసిపోయి ఊళ్లె చెప్తడు. వానికి తలుపు వెట్టొద్దు.' ఒక్కదానికి తలుపు వెట్టకపోతె మిగిలిన మూడింటికి ఎందుకని, దేనికీ వెట్టలే."

అని, ఎదుటి తోరణం వైపు చేయి చాపి, "మీరు వచ్చింది అందుల నుంచే. ఇన్నేండ్లకు" అన్నారు.

నా అలవాటు నన్ను విడువలేదు. ఇవి అంగడికి కట్టినవి కావనీ, ఆలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిపిన ద్వారతోరణాలనీ, కాకతీయుల కాలంలో మిరపకాయ మన దేశానికే రాలేదనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అట్లనా" అన్నారు. రమేశ్ గడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు.

అక్కడికి దగ్గరలోనే ఖుష్‌మహల్ ఉంది. పెద్ద రాతి కమానులతో నిలిచిన పొడవైన మందిరం. దాని గోడలు బయటి నుంచి చూస్తే లోపలికి వాలినట్టుంటాయి. రాజుగారి ఏనుగుకు వీపు దురద పుట్టి, ప్రతి సాయంత్రమూ వచ్చి ఈ గోడలకు రుద్దుకునేదనీ, ఒక పక్క వాలిపోతే రెండో పక్క పొమ్మని మావటి తోలేవాడనీ, అందుకే గోడలన్నీ సమంగా వాలాయనీ బావగారు చెప్పారు. ఆ మందిరం కాకతీయుల తరువాతి పాలకులదనీ, గోడలను అలా వాలుగా కట్టడం వారి నిర్మాణశైలి అనీ నేను చెప్పాను.

"ఏనుగు?" అన్నారు ఆయన.

"ఏనుగు లేదు బావగారూ."

ఆయన గోడ మీద చేయి వేసి, ఏనుగు వీపు తాకిన చోటు తడుముతున్నట్టు కాసేపు నిలబడ్డారు.

మండి బజారు, కొత్తవాడ

సాయంత్రం యాకూబ్ మమ్మల్ని మండి బజారుకు తీసుకుపోయాడు. నేను వీధి తిండి తినను. బాపట్లలో ఆ సంగతి అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలిసినా వినిపించుకునేవారు కారు. బావగారు నా కోసం ఒక పొట్లం మిరపకాయ బజ్జీలు, ఇరానీ చాయ్ తెప్పించారు. తన కోసం ఏమీ తెప్పించుకోలేదు. గట్టిది ఏదీ ఆయన గొంతు దిగడం లేదు. మా వియ్యపురాలు సుగుణమ్మ గారు సీసాలో పోసి ఇచ్చిన జావ ఆయన చేతిలో ఉంది.

"తినుండ్రి బావగారూ, చల్లారితె మజా ఉండదు."

కొరికాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎట్లున్నది? కారం ముందుగాల తగిలిందా, ఎన్క తగిలిందా?"

"వెనుక" అన్నాను.

"ఇప్పుడేడున్నది? నాలిక మీదనా, చెవులల్లనా?"

"చెవులలో."

"ఆ, అయితే మంచి సరుకే" అని తృప్తిగా జావ ఒక గుటక తాగారు. ఇంకొకటి తినమన్నారు, తిన్నాను. ఆ రుచి ఎలా ఉందో ఆయన అడిగినంతసేపూ చెప్పాను. యాకూబ్ నవ్వి, "సార్, మా సేటు తినకుంటనే తింటాండు. బిల్లు మాత్రం తినేటోళ్లదే" అన్నాడు. పొట్లం ఇరవై రూపాయలు, చాయ్ పదిహేను. చాయ్ మా ఊరికంటే చిక్కన, ధర కొంత ఎక్కువ.

సుగుణమ్మ గారు ఇంట్లో నా కోసం సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి, గుండ్రని గిన్నె లోపల చేత్తో అద్ది కాలుస్తారు. మన చెక్కలకు పెద్దక్క అనుకోవచ్చు. ఆమె దాని మధ్యలోని మెత్తని భాగం తుంచి, పాలలో నానవేసి భర్తకిచ్చారు. ఆయన రెండు చెంచాలు తీసుకొని గిన్నె పక్కన పెట్టారు. ఆమె ఆ గిన్నెను లోపలికి తీసుకుపోయి చాలాసేపు వంటింట్లోంచి రాలేదు.

ఊరు చూడడం మొదలుపెట్టిన రెండవ రోజు పొద్దున కొత్తవాడకు వెళ్ళాము. ఇక్కడ జంపఖానాలు నేస్తారు. చారల జంపఖానాలే నాకు తెలుసు. ఇక్కడ మగ్గం మీద నెమళ్ళూ లతలూ తీస్తున్నారు. రాజవ్వ అనే నేతగత్తె బావగారికి పాత ఎరుక. మగ్గం ఆపకుండానే పలకరించింది.

"ఏం సేటూ, గొంతు గట్లయ్యింది? ఎవలతోని లొల్లి వెట్టుకున్నవ్?"

"మా బావతోని. నేను ఏనుగున్నదంటాన, ఆయన లేదంటాండు."

"ఏనుగా? ఏడ?"

"ఖుష్‌మహల్ కాడ."

"అయ్యో, ఉండె గద సారూ! మా చిన్నప్పటి సంది ఇంటానం" అన్నది ఆమె నా వైపు తిరిగి, నేను ఏదో సొమ్ము ఎగవేసినట్టు చూస్తూ. వాదించడం అనవసరమనిపించింది. నెమలి జంపఖానా ఒకటి కొన్నాను. ధర తగ్గించమని అడగడం నాకు చేతకాదు. ఆ పని బావగారు చేశారు, కేవలం కనుబొమ్మలతో. ఆ నాటికి ఆయన మాటలు తగ్గాయి. కొన్ని అక్షరాలు పెదవులపై కదులుతున్నా వినిపించడం లేదు.

వేయి స్తంభాలు, భద్రకాళి కట్ట

మూడవ రోజు హనుమకొండలో వేయి స్తంభాల గుడి చూశాము. లెక్కపెట్టినవాడు ఇంతవరకూ లేడని బావగారు చెబితే, క్రమంగా లెక్కిస్తే ఎందుకు కుదరదని నేను మొదలుపెట్టాను. గోడలో కలిసినవాటిని స్తంభాలనాలా వద్దా అన్న సందేహం వచ్చింది. అది తేలకముందే ఒక పెళ్ళివారి గుంపు ఫొటోల కోసం నన్ను పక్కకు జరిపింది. ఎక్కడ ఆపానో మరచిపోయాను. వెనుదిరిగి చూస్తే బావగారు నల్లని నంది పక్కన కూర్చుని శబ్దం లేకుండా నవ్వుతున్నారు. ఆ మూడు రోజులలో ఆయన అంత హాయిగా ఉండడం అప్పుడే చూశాను.

సాయంత్రం భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకొని, చెరువు కట్ట మీద నడిచాము. ఆయన ఆ రోజంతా గొంతు దాచుకున్నట్టున్నారు. పొద్దు గుంకే వేళ, బల్ల మీద కూర్చున్న తరువాత మాట్లాడారు. నేను చెవి దగ్గరగా పెట్టి విన్నాను.

"బావగారూ, ఒక్క ముచ్చట. మా రమేశుకు ఇవన్ని చెప్పస్తలేవు. వాడు ఇని ఇని ఇనుడే బంద్ చేసిండు. సుగుణకు నేను చెప్తనే అలవాటు. మీరు పంతులు. ఒక్కసారి ఇంటె మతిల ఉంటది. తేజుకు మీరే చెప్పాలె. ఫోన్‌లనైనా సరే."

"తప్పకుండా చెబుతాను" అన్నాను.

"నేను చెప్పినట్టే చెప్తరా?"

నేను అబద్ధమాడలేను. "చెబుతాను. అయితే పిల్ల చదువుకునే వయసులో ఉంది. తప్పులు సవరించి చెబుతాను" అన్నాను.

ఆయన చెరువు వైపు చూశారు. నీళ్ళ మీద కొంగలు గుట్ట వైపు పోతున్నాయి. అటు చూస్తూనే అన్నారు:

"సవరిస్తె అది మీ ముచ్చటైతది బావగారూ. నాదేముంటది అండ్ల?"

తిరుగు దారిలో యాకూబ్ అద్దంలో వెనక్కి చూసి, "ఏంది సేటూ, సప్పుడు జేస్తలేవు? రేపటి సంది ఎట్లనూ మాట్లాడవు, ఇయ్యాలన్న మాట్లాడరాదూ" అన్నాడు. అన్న తరువాత తానే నాలుక కరచుకొని, ఇల్లు చేరేదాకా హారను కూడా కొట్టలేదు.

దవాఖాన

శస్త్రచికిత్స మరునాడు హనుమకొండలోనే జరిగింది. ఆ నాటి సంగతి ఒక్కటే వ్రాస్తాను. చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయే ముందు ఆయన భార్య వైపు చూసి, "పోతాన" అన్నారు.

ఆమె అప్పటిదాకా తలవంచుకొని ఉన్నారు. చప్పున లేచి మంచం పట్టుకున్నారు. "గట్లనొద్దు. పోయొస్త అను."

మన ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే. వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకపోతే మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. కాని ఆమె ఆ మాట కోసం మంచాన్ని అలా పట్టుకొని ఉండడం చూశాక, ఆ ఆచారం దేనికి పుట్టిందో నాకు బోధపడింది. మంచం తోసే మనిషి కూడా ఆగి నిలబడ్డాడు.

"పోయొస్త" అన్నారు బావగారు. సగమే వినిపించింది.

అదే ఆయన చివరిమాట. అన్నట్టే పోయి వచ్చారు. మెడలో గాలి పీల్చుకునే చిన్న రంధ్రం, దాని మీద పలుచని తెల్లని బట్ట. సుమతి ఒక పలక తెచ్చి చేతికిచ్చింది. ఆయన దానిపై "నీళ్లు" అని వ్రాసి పక్కన పెట్టారు, మళ్ళీ ముట్టలేదు. నాలుగు మాటలు వ్రాసి చూపే ఓపిక ఆయనకు ఎన్నడూ లేదు. మాట అంటే ఆయన దృష్టిలో అవతలివారు మధ్యలో అడ్డుపడుతుండగా సాగేది.

అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు నేను అక్కడే ఉండిపోయాను.

మళ్ళీ దుకాణం

నేను బయలుదేరే ముందునాడు ఆయన దుకాణానికి వచ్చారు. వద్దని అందరమూ చెప్పాము. ఆయన చెప్పులు తొడుక్కున్నారు, అంతే. గద్దె మీద తన చోటులో కూర్చుని, మీటరు కట్టె ఒడిలో పెట్టుకున్నారు. నేను గోడవారగా కూర్చున్నాను. ఆదివారం కనుక తేజు మూట మీద ఉంది.

ములుగు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. బావగారు ఆకుపచ్చ చీర తీసి, ఎప్పటిలాగే రెండు చేతులతో విసిరి విప్పారు. బట్ట గద్దె నిండా పరచుకుంది. దానితో పాటు రావలసినది రాలేదు. నాకు తెలియకుండానే నేనూ దాని కోసం ఎదురుచూశాను. తల్లి చీర అంచు తడిమింది. ఆయన మెడలోని బట్ట చూసి చేయి వెనక్కి తీసుకుంది. బజారులో ఎవరో మోటారు సైకిలు తన్నుతున్న చప్పుడు వినిపించింది.

"బడి తాతా, నువ్వు చెప్పు" అన్నది తేజు.

బావగారు నా వైపు చూడలేదు. చీర కొంగు పట్టుకొని అలాగే ఉన్నారు.

గొంతు సవరించుకున్నాను. "వరంగల్లు కోటలో నాలుగు కీర్తితోరణాలు ఉన్నాయి. అవి ప్రాచీన శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిపిన..."

మీటరు కట్టె గద్దె అంచు మీద ఒకసారి టక్కుమన్నది.

"కాదు!" అన్నది తేజు. "నాలుగు దర్వాజలు. మొదలుది ఎవలకు?"

చీర విప్పినది విప్పినట్టే ఉంది. ఆయన వేళ్ళు అంచు మీద కదలకుండా ఉన్నాయి. ముచ్చట ముగియకుండా ఆయన చీర మడవరు. ఆ తల్లీ కూతురూ లేవలేక, నా నోటి వైపు చూస్తున్నారు.

"మొదటిది అడవి నుంచి వచ్చేవారికి" అన్నాను.

"ఏం తెస్తరు?"

"తేనె. చింతపండు."

"రెండోది?"

కాకతీయుల కాలంలో మిరపకాయ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. "మిరప, పత్తి తెచ్చేవారికి" అన్నాను.

ఎడమవైపు మొదటి మడత పడింది.

"మూడోది?"

"బట్టల వారికి. అంటే మీ తాతల తాతలకు."

ఇంకొక మడత. మంత్రి అడిగాడు, రాజు జవాబు చెప్పాడు. ఆ జవాబు దగ్గర ఆగాను. "ఊరక చూడవచ్చినవారికి" అని నా భాషలో అంటే సరిపోతుందనుకున్నాను. మీటరు కట్టె మీద వేలు లేచింది.

"ఊకెనే సూడవచ్చెటోళ్లకు" అన్నాను.

నా నోట ఆ మాట ఎంత వంకరగా వచ్చిందో, ఆ ములుగు పిల్ల కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. తల్లి నవ్వింది. తేజు మూట మీద దొర్లింది. బావగారి భుజాలు అదిరాయి. శబ్దం ఏమీ లేదు, మెడ మీది తెల్లని బట్ట మాత్రం లోపలికీ బయటికీ కదిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే ఆయన ఆఖరి మడత పెట్టి, చీర మీద అరచేత్తో ఒకసారి నిమిరారు.

ఆ తల్లి చీర కొనలేదు. రేపు వస్తామని చెప్పి లేచింది. బావగారు రెండు చేతులూ జోడించి వాకిలి వైపు చూపారు, తప్పకుండా రమ్మన్నట్టు. ఆ వెంటనే మరొక చీర తీశారు. ఈసారి ఎరుపు. గద్దె నిండా విప్పి, నా వైపు తిరిగి, భుజం వెనుక గోకుతున్నట్టు సైగ చేశారు.

ఏనుగు.

దుకాణంలో కొనేవారు ఎవరూ లేరు. తేజు ఉంది, ఆయన ఉన్నారు. ఆ చీర నేను చెబితే తప్ప మడతపడదు. చెప్పాను. ఆయన చెప్పినంత బాగా చెప్పలేకపోయాను. రెండో పక్కకు తోలిన మావటిని మరచిపోతే, తేజు గుర్తు చేసింది.

నేను పొరపాట్లు చేయని మనిషిని కాను. ఈ కథనంలో దారుల పేర్లలో, దిక్కులలో, ధరలలో, కట్టడాల కాలనిర్ణయంలో తప్పులు దొరలి ఉండవచ్చు. అక్కడి మాటతీరును నా చెవి సరిగా పట్టి ఉండకపోవచ్చు. తెలిసినవారు నిర్మొహమాటంగా తెలియజేస్తే దిద్దుకుంటాను, కృతజ్ఞుణ్ణై ఉంటాను. నాలుగవ తోరణం ఎవరికో, ఖుష్‌మహల్ గోడలు ఎందుకు వాలాయో, ఆ రెండు సంగతులను మాత్రం దిద్దవద్దని మనవి. వాటిని ఒకమారు నేనే దిద్దాను.